ఫోన్ చూసిన కొంగలు

నెవేనకు లుబెన్ మీద మొదట కలిగింది కోపం. ఇంత చెత్తగా ఫొటోలు తీసే మనిషి మరిత్స నదికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఇంకొకడు ఉండడని నాతో అంది.

మా ఊళ్ళో కొంగలు కరెంటు స్తంభాల మీద గూళ్ళు పెడతాయి. కొన్నింటి కాళ్ళకు అంకెలున్న కడియాలు ఉంటాయి. ఏ కొంగ ఏ గూటికి తిరిగి వచ్చిందో తెలియాలంటే ఆ అంకెలు చదవాలి. నా మనవరాలు నెవేన పనిచేసే పక్షుల సంఘంలో స్తంభాలెక్కే మనుషులు లేరు. అందుకని ఊరివాళ్ళు నెట్‌లో పెట్టుకున్న పోస్టుల్లోంచి కొంగల ఫొటోలూ వీడియోలూ తీసుకుంటామని సంఘం వాళ్ళు అడిగారు. అందరూ సరేనన్నారు. ఆమె కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్ ఉంది. దానికి ఒక మనిషి పేజీ చూపిస్తే చాలు, వల వేసినట్టు అందులో ఉన్నదంతా లాగేస్తుంది. వలకు చేపేదో నాచేదో తెలియదు కదా.

లుబెన్ కరెంటు లైన్లు బాగుచేసే కుర్రవాడు. బుట్ట ఉన్న లారీలో గూటి పక్కదాకా వెళ్ళేది ఊరంతటిలో అతనొక్కడే. అందువల్ల నెవేన అతని పేజీ మీద చాలా ఆశ పెట్టుకుంది. తీరా చూస్తే అంతా వంకరే. సన్నటి జల్లు పడుతుండగానే కరెంటు ఆఫీసు ఆవరణలో అతన్ని పట్టుకుని ఫోన్ ముందు పెట్టింది.

"ఇది రెక్క. ఇది మీ మోచెయ్యి. ఇదేమిటో మీరే చెప్పాలి."

"ఆకాశమండీ."

"కాలెక్కడ?"

"కొంగదా, నాదా?"

ఆమె నవ్వకూడదనుకుంది. అతను మెల్లగా తన పోస్టుల్లో ఎన్ని చూశారని అడిగాడు. అన్నీ అంది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అన్నీ అంటే... మా పిల్లి పుట్టినరోజు కూడానా?"

"మీరు దానితో సమానంగా టోపీ పెట్టుకోవడం కూడా."

జల్లు వానయింది. అతను తన రెయిన్‌కోటు విప్పి ఆమెకు ఇచ్చాడు. అతని చూపు ఆమె మొహం మీద కాసేపు నిలిచి, తన మణికట్టు మీదికి జారింది. వెంటనే ఆ చెయ్యి జేబులో దాక్కుంది. అదేమిటో ఆమెకు అర్థం కాలేదు. ఇంటికొచ్చాక, ఆ రెయిన్‌కోటు ఆరేయకుండా ఒళ్ళో పెట్టుకుని ఎందుకు కూర్చుందో నాకూ అర్థం కాలేదు.

తరువాత ఆమె అతని ఫొటోలన్నీ కంప్యూటర్ తెర మీద పక్కపక్కన పరిచింది. విడివిడిగా చూస్తే ఎవరికీ తట్టని సంగతి అప్పుడు కనిపించింది. రెండేళ్ళ ఫొటోల్లో, చెయ్యి పడిన ప్రతిచోటా మణికట్టుకు ఒకటే మార్తెనిత్స, వసంతానికి కట్టుకునే ఎరుపు తెలుపు దారం. ఎండల్లోనూ ఉంది, మంచులోనూ ఉంది. ఎర్రదారం వెలిసి గులాబిరంగైంది.

"ఇదేంటి అమ్మమ్మా? మార్చి ఒకటిన కట్టుకుంటాం, కొంగ కనబడగానే విప్పి చెట్టుకు కట్టేస్తాం. ఇతని ముక్కు ముందే కొంగ ఉంది. మరి విప్పడేం?"

"ఎవరో అమ్మాయి కట్టింది. ఆమె చేత్తో కట్టింది విప్పడానికి మనసొప్పక ఉంచుకున్నాడు. పెళ్ళి కూడా కుదిరిపోయే ఉంటుంది" అన్నాను. నా నోరు అంతే, ఆగదు.

"కుదిరితే నాకేం?" అంది నెవేన. ఆ పూట ఆమె కంచంలో, నేను జున్ను పెట్టి కాల్చిన బనిత్స ముక్క అలాగే చల్లారిపోయింది.

ఆ తరువాత అతను కొత్త ఫొటోలు తెస్తే ఆఫీసులో ఇచ్చి వెళ్ళమంది. రెయిన్‌కోటు మడతపెట్టి నా చేత పంపించింది. పాపం, అతనికి ఏమీ పాలుపోలేదు. రొట్టెల కొట్టు దగ్గర నన్ను పట్టుకుని, తన వల్ల తప్పేం జరిగిందవ్వా అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది.

"నువ్విలా మా పిల్ల గురించి అడుగుతున్నావని, ఆ దారం కట్టినామెకు తెలుసా నాయనా?"

అతను మణికట్టు వైపు చూసుకున్నాడు. "తెలియదవ్వా. అదే నా బాధ" అన్నాడు.

ఎంత తెగింపు అనుకున్నాను. ఇంటికొచ్చి నెవేనకు చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుని, ఉల్లిపాయల ఘాటు అంది. ఇంట్లో ఆ రోజు ఉల్లిపాయలే లేవు.

ఊరివాళ్ళ పేజీలన్నీ అయిపోయాక సంఘం వాళ్ళ సొంత పేజీ మిగిలింది. నెవేన దాన్నీ ప్రోగ్రామ్‌కు అప్పగించింది. వచ్చిన వీడియోలు ఒక్కొక్కటీ తిప్పుతూ హఠాత్తుగా నన్ను కేకేసింది.

అది రెండేళ్ళ కిందటి మార్చి ఒకటో తేదీ. కరెంటు ఆఫీసు ఆవరణలో పనివాళ్ళు వరసగా చేతులు చాచి నిలబడ్డారు. సంఘం తరఫున మార్తెనిత్సలు కడుతున్నది మా నెవేనే. ఒక్కరి మొహం కూడా చూడడం లేదు. కెమెరా వైపు తిరిగి, అందరికీ ఒకే పాట పాడుతోంది: "కొంగ కనబడేదాకా విప్పకూడదు, తెలిసిందా?" వరస చివరి కుర్రవాడు ఒక్కడే బుద్ధిగా తల ఊపాడు. లుబెన్.

నెవేన ఆ ముక్కను మళ్ళీ మళ్ళీ చూసింది. తరువాత ఇంట్లో వేసుకునే చెప్పులు మార్చుకోకుండానే బయటికి నడిచింది. నేనూ వెనకాలే వెళ్ళాను. వెళ్ళకుండా ఎలా ఉంటాను?

రేగు తోట పక్క స్తంభం దగ్గర అతను బుట్టలోంచి దిగుతున్నాడు.

"నేను కట్టినదేనా అది?" అంది నెవేన.

అతను తలూపాడు.

"కొంగ కనబడితే విప్పాలని చెప్పాను కదా. రోజూ వాటి మధ్యే ఉంటావు."

"అందుకే నేను చూడలేదు" అన్నాడు. "పనిచేసేటప్పుడు తీగ ఒక్కటే చూస్తాను. ఫొటో తీసేటప్పుడు కళ్ళు మూసుకుంటాను. కొంగను చూసింది ఫోను. నేను కాదు."

వంకర రెక్కలు, ఆకాశం, మోచెయ్యి ఎందుకొచ్చాయో అప్పుడు తెలిసింది. నెవేన నవ్వబోయి ఏడ్చింది.

"రెండేళ్ళలో ఒక్కమాట చెప్పలేకపోయావా?"

"నా మొహమే చూడని అమ్మాయికి ఏమని చెప్పను?"

నెవేన అప్పుడు చూసింది. తీరిగ్గా, తనివితీరా చూసింది. ఆపైన గూటి వైపు చెయ్యి చాచింది.

"చూడు."

"చూస్తే విప్పాలి."

"నేను విప్పుతాను."

అతను తల ఎత్తాడు. గూటిలో కొంగ తల వెనక్కి విరిచి ముక్కు టకటకలాడించింది. ఇంత పెద్దగా ఉంటాయా ఇవి అన్నాడు లుబెన్. నెవేన ఆ వెలిసిన దారం విప్పింది. ఇద్దరూ కలిసి దాన్ని రేగు కొమ్మకు కట్టారు.

"మళ్ళీ కడతావా?"

"మార్చి రావాలి."

"ఆగడం నాకు అలవాటే."

ఆదివారం బనిత్స చేస్తాను, ఆగకుండా రమ్మని నేనే చెప్పాను. అంత తప్పుగా అనుకున్నందుకు ఆ మాత్రమైనా చేయాలి కదా.

ఆ సాయంత్రమే అతను ఒక ఫొటో పోస్ట్ చేశాడు. ప్రోగ్రామ్ దాన్నీ లాక్కొచ్చింది. కొంగ నిటారుగా ఉంది, కడియం మీది ప్రతి అంకెనూ చదవచ్చు. మూలన ఒక మోచెయ్యి మాత్రం ఈసారీ అడ్డం వచ్చింది. అది మా పిల్లది.