లేవని చెయ్యి

రోజంతా నా నోట ఒకటే మాట: “చెయ్యెత్తండి. ఇంకొంచెం. ఎత్తగలరు.” భుజాలు పట్టేసినవాళ్ళ చేత చేతులెత్తించే ఫిజియోథెరపిస్టుని నేను. అలాంటివాడికి ఆ సోమవారం సొంత చెయ్యే లేవలేదు.

అంతా నా కోతల వల్లే వచ్చింది. మా ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో ఎముకల పాఠం చెప్పే టీచర్ ఒకరోజు చార్టు చంకన పెట్టుకుని నా గదికి వచ్చింది.

“క్లావికిల్ అన్న మాట లాటిన్ నుంచి వచ్చిందట. అర్థమేంటండీ?” అంది, మెడ కింది ఎముక మీద వేలు పెట్టి.

తెలియదంటే సరిపోయేది. ఆ కళ్ళు నావైపే చూస్తుంటే ఆ ముక్క అనడానికి నోరు రాలేదు.

“దండ వేలాడే కొమ్మ అని!”

“అబ్బ, ఎంత బాగుందో! మీకు లాటిన్ కూడా వచ్చా?”

“ఏదో, కొద్దిగా,” అన్నాను సిగ్గులేకుండా.

సోమవారం నర్సింగ్ స్కూలు హాల్లో పెట్టిన చార్టులు చూడడానికి పెద్ద డాక్టరు గారు వచ్చారు. హాలు నిండా జనం. ఆమె నేను చెప్పిన అర్థం రాసిపెట్టిన చార్టు దగ్గర ఆగి పకపకా నవ్వారు.

“క్లావికులా అంటే చిన్న తాళంచెవి. ఈ కొమ్మ సంగతి చెప్పిన పండితుడెవరో చెయ్యెత్తండి, చూద్దాం!”

హాలంతా గొల్లుమంది. ఆమె ఒక్కసారి నావైపు చూసింది. నేను మూడో వరుసలో బూట్ల లేసులు చూసుకుంటూ కూర్చున్నాను.

“నేనే రాశానండీ. పొరపాటు నాదే,” అంది.

మర్నాడు పొద్దున్న, భుజం పట్టేసిన ఒక పెద్దావిడ విసుక్కుంది. “ఎత్తమని చెప్పడం తేలికే నాయనా. ఎత్తేవాళ్ళకి తెలుస్తుంది.”

తల కొట్టేసినట్టయింది. ఆవిడ వ్యాయామం కాగానే నర్సింగ్ స్కూలుకి పరుగెత్తాను.

క్లాసు జరుగుతోంది. “ఏం కావాలి?” అంది ఆమె. ‘అండీ’ లేదు.

గుమ్మంలోనే చెయ్యెత్తాను.

“ఆ కొమ్మ కథ అల్లింది నేను. నాకు లాటిన్‌లో ఓనమాలు కూడా రావు. నిన్న మీ టీచర్ మాట పడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.”

“అసలెందుకు చెప్పారలా?” అంది ఆమె.

“మీరు మెచ్చుకుంటారని. మీరంటే... ఇష్టం కాబట్టి.”

వెనక బెంచీలు కిసుక్కుమన్నాయి. ఆమె మాత్రం నవ్వలేదు. చెయ్యి దించబోయాను.

“దించకండి!” అని నా పక్కకొచ్చి, పిల్లలకి నా మెడ కింది ఎముక చూపించింది. “చెయ్యెత్తితే ఇది తన చుట్టూ తాను తిరుగుతుంది, తాళంలో చెవి తిరిగినట్టు. రాసుకోండి.”

అందరూ రాసుకున్నారు. నాకు భుజం లాగేస్తోంది.

“సాయంత్రం డాక్టరు గారి ముందు కూడా ఇలాగే ఎత్తాలి,” అంది మెల్లగా. “నేనూ వస్తాను.”

“అలాగేనండీ. ఇప్పుడు దించొచ్చా?”

“ఇంకొంచెం. ఎత్తగలరు,” అంటూ బోర్డు వైపు తిరిగి నవ్వుకుంది.