బావా బావమరుదుల లైటర్

లైటర్ చూడముచ్చటగా ఉంది. అందుకే ఏజెంట్ కందిరీగకు గుండెలో రాయి పడింది. ఈ గూఢచారి శాఖ చూడముచ్చటగా తయారుచేసిన ప్రతి కొత్త వస్తువూ ఎవరో ఒకరి కొంప ముంచింది. పోయినసారి బూటులో పెట్టిన రేడియో వానకు తడిసి మూగబోయింది. ఆ రేడియోను నమ్ముకున్న అతని జతగాడు కాళ్లు విరగ్గొట్టుకుని ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు.

"ఆపరేషన్ తెరచాప," అన్నాడు బాస్. "శత్రువుల టార్గెట్ మన డాక్టరమ్మ. విదేశీ ముఠా అమ్మే విషవాయువుకు విరుగుడు కనిపెట్టింది. ఇవాళ మధ్యాహ్నం కాన్ఫరెన్స్ హాల్లో ఆ ఫార్ములా బయటపెడుతుంది. వేదిక కింద బాంబు ఉంది. రిమోట్ జనంలో ఎవరి చేతిలోనో ఉంది. హాలు ఖాళీ చేయించామా, అప్పుడే నొక్కేస్తాడు. నువ్వు ఈ లైటర్ నొక్కితే హాల్లో ఏ రేడియో సిగ్నలూ పనిచేయదు."

"మొత్తం బిగించాక ఎవరైనా పరీక్షించారా?"

కేసింగ్ సెక్షన్ పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "పై తొడుగు నాది బాబూ. లోపల ఏముందో నాకు చెప్పరు. రూలు."

"లోపలిది నాది," అన్నాడు సిగ్నల్ సెక్షన్ పెద్దాయన. "బల్ల మీద బ్రహ్మాండంగా పనిచేసింది. పైన ఏం తొడిగారో నాకు చెప్పరు."

"మీరిద్దరూ బావా బావమరుదులు కదండీ! రోజూ ఒకే క్యారేజీలో తింటారు కదా!"

"అది భోజనం," అన్నారిద్దరూ ఒక్కసారే.

కందిరీగ తల పట్టుకున్నాడు. ఎవరి రహస్యం వాళ్ల దగ్గర భద్రంగా ఉంది. ప్రాణాలే గాలిలో దీపాలు. ఈ మాట అతను బాస్‌తో ఎన్నిసార్లు మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

మధ్యాహ్నం అతను తెల్లకోటు తొడుక్కుని, నీళ్లసీసాల ట్రేతో హాల్లో తిరుగుతున్నాడు. చెవిలో బఠాణీగింజంత ఇయర్‌ఫోన్. ముందు వరసలో ఆకుపచ్చ సిల్కు గౌనులో కూర్చున్న అందగత్తె చేయి ఎత్తింది. కోడ్‌నేమ్ మల్బరీ. ముఠా దగ్గరా జీతమే, ఇక్కడా జీతమే.

"ఉక్కగా ఉంది కదూ?" అంది.

"కిటికీలకు తాళాలేశారు మేడమ్," అన్నాడతను. కోడ్ సరిపోయింది.

"మూడో వరస. బట్టతల, మెడలో కెమెరా. ఆ కెమెరాయే రిమోట్. డాక్టరమ్మ మైకు పట్టుకోగానే నొక్కుతాడు."

డాక్టరమ్మ అప్పుడే వేదిక మెట్లెక్కుతోంది. కందిరీగ జేబులో చేయి పెట్టి లైటర్ నొక్కాడు.

"నొక్కావా నాయనా?" చెవిలో బాస్ గొంతు.

"నొక్కాను సార్. మీ గొంతు ఇంకా వినబడుతోంది."

"మంచిదేగా?"

"సార్! జామర్ పనిచేస్తే మీ గొంతు వినబడకూడదు!"

"అవును సుమా! ఉండు, సిగ్నల్ సెక్షన్‌ని అడుగుతాను. కానీ కేసింగ్ వాళ్లు గదిలోంచి వెళ్లాలి, వాళ్ల ముందు మాట్లాడకూడదు..."

కందిరీగకు ఏడవాలనిపించింది. బట్టతలవాడు కెమెరా కంటికి ఆనించాడు.

"తొడుగు ఊడదియ్యి," అంది మల్బరీ పెదవులు కదపకుండా. "అది ఉక్కు. అన్నివైపులా మూసేస్తే సిగ్నల్ బయటికి రాదు."

"నీకెలా తెలుసు?"

"మీ తొడుగు డ్రాయింగ్ ఒకరి దగ్గర కొన్నాం, సర్క్యూట్ ఇంకొకరి దగ్గర. మావాళ్లు రెండూ ఒకే బల్ల మీద పరిచి చూసి పడీపడీ నవ్వారు. తొందరగా! నేను కూర్చుంది ముందు వరసలో. నాకూ ప్రాణం తీపే!"

కందిరీగ సీసా మూత తీసే ఓపెనర్‌ను తొడుగు సందులో దూర్చి మెలితిప్పాడు. గోరు లేచిపోయింది. తొడుగు కదల్లేదు. డాక్టరమ్మ మైకు అందుకుంది. పళ్లు బిగించి మళ్లీ తిప్పాడు. ఉక్కు చిప్ప టప్పున ఎగిరి మల్బరీ ఒడిలో పడింది.

"నాయనా, వాళ్లేమంటున్నారంటే..." బాస్ గొంతు పుటుక్కున తెగింది. ఇంత తీయని నిశ్శబ్దం కందిరీగ ఈ ఉద్యోగంలో చేరాక ఎన్నడూ వినలేదు.

బట్టతలవాడు నొక్కాడు. మళ్లీ నొక్కాడు. మూడోసారి నొక్కేలోపు ట్రే వాడి నెత్తిన పడింది.

మర్నాడు బాస్ కేకు కోయించాడు. "కొత్త లైటర్ ఘనవిజయం! ఇకమీదట ఇలాంటి ఇబ్బంది రాకుండా సమన్వయ సెక్షన్ పెడుతున్నాను. వాళ్ల ఫైళ్లు మాత్రం మిగతావాళ్లెవరూ చూడకూడదు."

కందిరీగ కేకు ముక్క కింద పెట్టేశాడు. మింగుడు పడలేదు.

"మల్బరీని మన దగ్గరే పర్మనెంట్ చేద్దాం," అన్నాడు బాస్ హుషారుగా. "ఏ సెక్షన్‌లో వేద్దామంటావు?"

"దయచేసి ముఠాలోనే ఉండనివ్వండి సార్. మన రెండు సెక్షన్ల సంగతులూ కలిసేది అక్కడొక్కచోటే."