పశువుల దవాఖాన గచ్చు

కోదాడ నుంచి మిర్యాలగూడ వెళ్లే దారిలో, చిలుకూరు దాటి కొంత దూరం పోయాక, ఎడమ చేతి పక్కన మూతపడిన పశువుల దవాఖాన ఒకటి ఉంది. పొద్దు గూకాక అక్కడ ఎవరూ ఆగరు.

ఎందుకు ఆగరని అడిగితే, ముందు చుట్టూ చూసి, తరువాత గొంతు తగ్గించి చెబుతారు. గొంతువాపు రోగం వచ్చిన ఏడాది, వైద్యానికి తోలుకొచ్చిన పశువులు ఆ గచ్చు మీదే పడి చచ్చాయట. పూడ్చిపెట్టే ఓపిక లేక, వెనకున్న గుంటలో పాత టైర్లు పేర్చి కాల్చారట. అప్పటి నుంచి గాలి తిరిగిన రాత్రుల్లో అక్కడ కాలిన కొవ్వు వాసన వస్తుందట. ఆ వాసన తగిలినవాడు వెనక్కి తిరిగి చూడకూడదట...

తలుపులూ కిటికీలూ ఎప్పుడో ఎవరో పీక్కుపోయారు. మిగిలినవి రెండే— ముందున్న సిమెంటు గచ్చు, దాని చివర పశువును నిలబెట్టి కట్టే ఇనుప చట్రం. చుట్టూ సర్కారు తుమ్మ. పొలాలకు అవతల గొర్రెల కాపరుల పల్లె ఒకటి, పాతిక దీపాలంత.

అక్కడ జరిగిన ఈ సంగతి నేను దేవసహాయం నోట విన్నాను. ఆయన నాకు పాత స్నేహితుడు. కోదాడలో ఇల్లు. ఆ దారిలోనే ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాడు. అబద్ధం చెప్పే అలవాటు లేదు. అంతకంటే అరుదైన సంగతి, నిజాన్ని తనకు అనుకూలంగా దిద్దుకునే అలవాటు కూడా లేదు.

ఆయన కారు చాలా పాతది. ఆయన చేతికి వచ్చేనాటికే ఇద్దరి దగ్గర నలిగింది. దసరా సెలవులు అయిపోయిన కొత్తలో, ఇంజన్ ఆయిల్ కొద్దికొద్దిగా కారుతున్నట్టు కనిపెట్టి, సూర్యాపేటలో తనకు తెలిసిన మెకానిక్ సురేందర్‌కు చూపించాడు. సురేందర్ బానెట్ ఎత్తి, లోపలికి తొంగి చూసి నవ్వాడు. ఇంజన్ తలమీద మూత కింద ఉండే రబ్బరు పట్టీ ఎండి పగిలిందట. అక్కడ ఊరిన ఆయిల్ కాగిన గొట్టం మీద పడి పొగలేస్తోందట.

“చిన్న లీకే సార్. ముసలి బండి, జర చెమట పడుతది. వీలు సూసుకొని రా, అర్ధగంట పని. అందాక రోజూ ఆయిల్ సూసుకో. సమంగ ఉన్న జాగల నిలబెట్టు, ఇంజన్ బందు చేసి పది నిమిషాలు ఆగు, అప్పుడు పుల్ల తీసి సూడు.”

పని పెద్దదైతే దేవసహాయం వీలు చేసుకునేవాడే. చిన్నది గనుక నాలుగు నెలలు వీలు దొరకలేదు.

తోటి టీచరు సంగీత రోజూ ఆయన కారులోనే కోదాడకు వచ్చేది. ఒకనాడు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, “మీ కారెక్కితే బజ్జీల బండి పొయ్యి మీద కూర్చున్నట్టుంది సార్” అంది. మరుసటి వారం నుంచి బస్సెక్కింది. ఆయన నొచ్చుకున్నాడు గాని, ఆ వాసనేమిటో ఆయనకు తెలియలేదు. రోజూ పీల్చే వాసన మనిషికి తెలియకుండా పోతుంది.

ఇక సమంగా ఉన్న జాగా. ఇంటి ముందు సందు వాలుగా ఉంటుంది. బడి ఆవరణంతా గుంతలు. దారి పొడుగునా చదునైన నేల అంటూ ఉన్నది ఆ దవాఖాన గచ్చు ఒక్కటే.

పదో తరగతికి సాయంత్రం ప్రత్యేక తరగతులు జరుగుతున్న రోజులు. ఆయన ఏడింటికి అక్కడికి చేరేవాడు. తుమ్మల చాటున కారు గచ్చు మీదకు ఎక్కించి, బ్యాటరీ పాతదని లైట్లు ఆర్పేసి, బానెట్ ఎత్తేవాడు. పది నిమిషాలు చీకట్లో నిలబడేవాడు. రోజంతటిలో తననెవరూ ఏమీ అడగని పది నిమిషాలు అవేనని నాతో అన్నాడు. తరువాత సెల్‌ఫోను వెలుతురులో ఆయిల్ కొలిచే పుల్ల బయటికి తీసి, పాత లుంగీ పేలికతో తుడిచి, మళ్లీ ముంచి చూసి, పేలికను తుమ్మల్లోకి విసిరి వెళ్లిపోయేవాడు.

పుష్యమాసం మొదట్లో, గచ్చు మీద కోసిన నిమ్మకాయ కనిపించింది.

ఆయన దాన్ని బూటుతో పక్కకు నెట్టాడు. నాలుగు రోజులకు పసుపు కలిపిన అన్నం ముద్ద, రెండు గుడ్లు. ఆ పైన, పగలగొట్టిన గుమ్మడికాయ. ఎవరూ ఎత్తరు. ఎండకు కుళ్లి, రాత్రి మంచుకు నాని, గుజ్జు గచ్చు మీద పాకం కట్టింది. ఒకనాడు చీకట్లో ఆయన కాలు గుడ్డు మీద పడి జారింది. ఆ కంపు ఇంటి దాకా వచ్చింది. రెండుసార్లు కడిగినా బూటు వదల్లేదు.

తరువాత కోడి తల.

కళ్లు తెరిచే ఉన్నాయి. ఒక కంట్లోంచి చీమలు బారు తీరి బయటికి వస్తున్నాయి. ఏం చదువులు చెప్పి ఏం లాభమని, దేవసహాయానికి మనుషుల మీదే ఏవగింపు పుట్టింది. చోటు మార్చుకోవచ్చు కదా అని నేను అడిగాను. నిమ్మకాయకు జడిసి పక్కకు జరిగినవాడు రేపు పిల్లలకు ఏ ముఖంతో పాఠం చెబుతాడని ఆయన ఎదురడిగాడు. పట్టుదలగా అక్కడే ఆగాడు. రోజూ అక్కడే.

కాని రెండు సంగతులు ఆయనను లోపల కొరకసాగాయి.

ఒకటి— గచ్చు అంత వెడల్పున ఉన్నా, ఆ ముద్దలూ ఆ తలలూ సరిగ్గా తన కారు నిలిచే చోటే ఉండేవి. జానెడు కూడా అటూ ఇటూ కాదు.

రెండోది— తాను బానెట్ ఎత్తిన కాసేపటికి, పొలాల అవతల పల్లెలో దీపాలు ఆరిపోయేవి. అన్నీ ఒక్కసారి కాదు. ఒకటి... ఆగి, ఇంకొకటి... కరెంటు పోతే అలా పోదు. ఎవరో ఇంటింటికీ వెళ్లి ఊది ఆర్పుతున్నట్టు.

మాఘమాసంలో ఒక శుక్రవారం. గాలి లేదు. ఆయన కారు రోడ్డు వైపు ముఖంగా ఎక్కించి లైట్లు ఆర్పాడు. దిగి బానెట్ ఎత్తాడు. ఆ పూట పల్లెలో దీపాలు ముందే ఆరి ఉన్నాయి.

నిలబడ్డాడు.

ఊపిరి వినబడింది— తనది కాదు.

ఇనుప చట్రం వైపు నుంచి. పశువు రొప్పినట్టు, తడిగా, ఆగి ఆగి. ఈ గచ్చు మీద పశువు నిలబడి పదిహేనేళ్లయింది. దేవసహాయం పెదాలు వాటంతటవే ప్రార్థన అందుకున్నాయి. సగంలో మాటలు మరిచిపోయాడు.

చీకట్లోంచి గుసగుసగా ఒక గొంతు—

“వచ్చినవా...”

ఆయన కదల్లేదు.

“రోజూ వస్తవని ఎరికే... నన్ను తీసుకపో. గొర్ల జోలికి మాత్రం పోకు.”

ఫోను ఎలా వెలిగించాడో ఆయనకు గుర్తు లేదు. వెలుతురు చట్రం మీద పడింది. లోపల ఒక ఆకారం, పశువును కట్టినట్టు, మెడకూ చేతులకూ పలుపుతాళ్లతో. దానికి ముఖం లేదు. తల ఉండవలసిన చోట నిగనిగలాడే నలుపు... ఆ నలుపులో రెండు కళ్లు తెరుచుకున్నాయి.

ఆయన వెనక్కి పడ్డాడు. చెయ్యి ఏదో మెత్తటి కుళ్లులో దిగబడింది.

“నీళ్లు...” అంది ఆకారం.

ఆ ఒక్క మాట ఆయనను నిలబెట్టిందట. దెయ్యాలకు దాహం వేస్తుందని ఎవరూ చెప్పలేదు.

కారులోంచి సీసా తెచ్చి తాగించాడు. ముసలామె. చెంపలూ నుదురూ పెదాలూ అన్నీ నల్లగా, జిగటగా, దుమ్మూ కుంకుమా అతుక్కుని. మెడ కట్టు విప్పుతూ పేరడిగాడు. లింగమ్మట. ఆ పల్లెదే. మొగుడు పోయాడు, కొన్ని గొర్రెలున్నాయి. కడమ సంగతి ఆమె తాళ్లు ఊడేలోగా ముక్కలు ముక్కలుగా చెప్పింది. చలిలో ఊళ్లో గొర్రెపిల్లలు చచ్చాయి. గచ్చు మీద రోజూ రాత్రి దెయ్యం దిగుతోంది. నేలకు దగ్గరగా దీపం ఆడుతుంది, పొగ లేస్తుంది, కాలిన కొవ్వు కంపు పల్లె దాకా వస్తుంది. తెల్లారి చూస్తే గచ్చు మీద నల్ల నెత్తురు, తుమ్మల్లో నల్ల పేలికలు. బాణామతి చేసి దాన్ని రప్పించింది లింగమ్మేనని మరిది మైసయ్య తేల్చాడు. రప్పించినదాని నెత్తురు రప్పించినామెకే పూయాలన్నారు. పూశారు. రాత్రంతా ఇక్కడ ఉంచి, బతికుంటే పొద్దున ఊరు దాటించాలని నిర్ణయం. ఆమె గొర్రెలు అప్పటికే మైసయ్య దొడ్లోకి చేరాయి.

దేవసహాయం జేబులోంచి, నిన్న విసరడం మరిచిన పేలిక తీసి ఆమె ముఖం తుడవబోయాడు.

ఆమె మొహం తిప్పుకుని, కొంగుతో ముక్కు మూసుకుంది. “గిదే వాసన... రోజూ గిదే వాసన సారు.”

ఆయన పేలికను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాలుగు నెలల తరువాత మొదటిసారి ఆ వాసన ఆయనకు తెలిసింది. కారు కిందికి వెలుతురు తిప్పాడు. గచ్చు మీద, కోడి నెత్తురు ఎండిన చోట, ఒక చుక్క పడింది... కాసేపు ఆగి, ఇంకొకటి.

వాంతి చేసుకున్నానని ఆయన నాతో చెప్పాడు. ఆ కుళ్లు చూసి కాదు. ఇన్నాళ్లూ దాన్ని చూసి అసహ్యించుకున్నందుకు.

ఆమెను కారులో కూర్చోబెట్టుకుని కోదాడ వెళ్లిపోవడం తేలిక. కాని తెల్లారి గచ్చు ఖాళీగా ఉంటే, దెయ్యం వచ్చి లింగమ్మను ఎత్తుకుపోయిందన్న మాట ఈ దారిలో వందేళ్లు నిలుస్తుంది. ఆమెకు ఇక ఊరు ఉండదు. ఆయన హెడ్‌లైట్లు వేశాడు. పల్లె వైపు తిప్పి హారన్ మోగించాడు. ఒక్క తలుపు తెరుచుకోలేదు. లింగమ్మ చెయ్యి పట్టుకుని పొలంగట్టు దాకా నడిచి, తాను ఫలానా బడి సారునని, దెయ్యాన్ని కానని, గొంతు పోయేదాకా అరిచాడు.

చివరికి ఒక టార్చి కదిలింది. భద్రు అనే ఆయన, ఆయన బడిలో చదివే పిల్ల తండ్రి, గొంతు గుర్తుపట్టి వచ్చాడు. వెనక నలుగురు. అందరికంటే వెనక మైసయ్య.

దేవసహాయం ఇంజన్ తిప్పి చూపించాడు. మూత అంచున ఊరే ఆయిల్, గొట్టం మీద లేచే పొగ, కింద పడే చుక్క. మైసయ్య అరచెయ్యి పట్టాడు. చుక్క పడింది. వేళ్లతో నలిపి వాసన చూశాడు.

“నూనె” అన్నాడు.

తప్పు తనదేనని, చిన్నదని వదిలేశానని దేవసహాయం చెప్పాడు. తిడతారనుకున్నాడు. కొడితే పడదామనుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. పైగా భద్రు ఓదార్చాడు. “తెల్వక అయింది, పోనియ్ సారు. సదువుకున్నోనివి, నువ్వు కావాలని చేస్తవా.”

లింగమ్మతో ఎవరూ ఒక్క మాటా మాట్లాడలేదు.

మైసయ్య తన చెయ్యి చూసుకున్నాడు. నల్లగా ఉంది. తుడుచుకోవడానికి అటూ ఇటూ వెతికి, పక్కనే నిలబడ్డ లింగమ్మ కొంగు అందుకుని, నాలుగు వేళ్లూ దానికి తుడిచాడు. కోపంతో కాదు. అది దానికోసమే అక్కడ ఉన్నట్టు.

“ఇగ ఇంటికి పో వదినె. గొర్లు పొద్దుగాల తోలిస్త.”

మరునాడే సురేందర్ ఆ రబ్బరు పట్టీ మార్చాడు. అర్ధగంట కూడా పట్టలేదట.

ఫాల్గుణంలో నేనూ ఆయనతో ఆ దారిన వెళ్లాను. గచ్చు దగ్గర కారు నెమ్మదించింది. గచ్చు శుభ్రంగా, పొడిగా ఉంది. తుమ్మల నీడలో లింగమ్మ గొర్రెలు కాస్తోంది. ఆయన అద్దం దించి, “బాగున్నవా అవ్వా” అని పలకరించాడు.

ఆమె మమ్మల్ని చూసి తల ఊపింది. ఊపుతూనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“పట్టీ మార్పించాను. ఇప్పుడు వాసన రావడం లేదు” అన్నాడాయన నాతో, మెల్లగా.

నిజమే. నాకూ రాలేదు. కాని ఆమె కొంగు దించలేదు.

ఉతికి ఉతికి వెలిసిన ఆ కొంగు మీద, సరిగ్గా ముక్కుకు ఆనించుకున్న చోట... నాలుగు వేళ్ల నల్లటి మరక.