కరెంటొచ్చిన గడియలో కెంపమ్మ

పుంగనూరు దగ్గర మా చేని కొట్టంలోకి పొద్దుగూకితే మా ఇళ్ళలో ఎవరూ ఒంటరిగా పోరు. మా పెద్దత్త కెంపమ్మ అక్కడే, ఆవులకు మేత వేస్తా వేస్తా ప్రాణం విడిచింది. దేవుడు ఆమెను చల్లగా చూడాలి... కానీ ఆమె ఇంకా పోలేదనే అందరి అనుమానం.

ఎందుకంటే — కరెంటు పోయి వచ్చినప్పుడల్లా, గడ్డి కత్తిరించే మిషన్ ఎవరూ ముట్టుకోకుండానే గర్రుమని అర చుట్టు తిరిగి ఆగిపోయేది.

“మేత పొద్దయిందని అత్తకు గుర్తొస్తాది,” అని నా తోడికోడలు మునిలక్ష్మి మిషన్‌కు నిమ్మకాయలు కట్టి, కర్పూరం వెలిగించి వచ్చేది.

ఆమె నాతో చెప్పిందే చెబుతున్నాను.

మొన్న కార్తీకంలో ఒక మాపటేళ, తుంపర పడతా ఉంటే తోడు ఎవరూ రాక మునిలక్ష్మి ఒక్కతే మేత వేయను పోయింది. మిషన్ నోట్లో జొన్నసొప్ప ఇరుక్కునింది. అంతలో కరెంటు పోయింది. కటిక చీకటి... ఆవులు కూడా నెమరు ఆపేశాయంట.

కరెంటే లేదు కదా అని రెండు చేతులూ లోపలికి పెట్టి సొప్ప లాగుతోంది.

బల్బు వెలిగింది.

దీపం వెలిగితే దండం పెట్టడం మాకు చిన్నప్పటి అలవాటు. చేతులు బయటికి తీసి జోడించింది — గర్ర్! కత్తులు తిరిగాయి. సొప్ప ముక్కలు మొహాన కొట్టాయి.

“అత్తా... నన్ను యాల తినాలనుకున్నావు?” అని గుసగుసగా అడుగుతా అక్కడే కూలబడిందంట.

మర్నాడు గిరీష్ వచ్చాడు. మా పెద్దాడబిడ్డ సుశీలమ్మ కొడుకు, ఇంజినీరింగ్ చదివినవాడు. ఫోన్లో నొక్కితే మిషన్ తిరిగేలా చిన్న బోర్డు చేసి పెట్టింది అతనే. దాన్ని విప్పి చూస్తా చూస్తా ఉండగానే పొద్దు గూకింది.

“అత్తా, నీ దెయ్యం ఒంటికాలి మీద నిలబడుండాది సూడు,” అని మునిలక్ష్మిని చూసి నవ్వి, చిప్‌కు ఉన్న సన్న పిన్ను ఒకటి చూపించాడు. “కరెంటొచ్చిన ఒకటి రెండు క్షణాలకు చిప్ నిద్ర లేస్తాది. ప్రోగ్రాం మొదలయ్యేదాకా ఈ పిన్ను ఆన్ కాదు, ఆఫ్ కాదు — గాల్లో ఉంటాది. ఆ రెప్పపాటులో మోటరుకు తిరగమని సిగ్నల్ పోతాది. రెసిస్టర్ ఒకటి వేసి దీన్ని కిందికి, అంటే ఆఫ్‌లోనే, పట్టి ఉంచాల. నేను మర్చిపోయినా.”

“మర్చిపోయినావా నాయనా! నా చేతులు పోయుండేవే!”

గిరీష్ నవ్వు ఆగిపోయింది.

“కుప్పంలో మా అమ్మకూ ఇదే బోర్డు పెట్టినా...”

ఫోన్ చేశాడు. రింగు పోతానే ఉంది... పోతానే ఉంది... ఎత్తింది.

“అమ్మా, మిషన్ దగ్గరికి పోవద్దు!”

“మెల్లిగా మాట్లాడురా, వింటాది.” స్పీకర్లో సుశీలమ్మ గుసగుసలాడింది. “ఈడ ఎవరో ఉండారు. కరెంటు రాగానే మిషన్ తిరిగి నా చెయ్యి పట్టుకునింది... గాజులు దాని పళ్ళల్లో ఇరుక్కునుండాయి, చెయ్యి రావడంలా.”

“ఇప్పుడు కరెంటు ఉండాదా అమ్మా?”

“లేదు... ఇప్పుడే పోయింది.”