నీడ వేయని బొమ్మ

బొమ్మ వేయడానికి మా అక్కని ఒకచోట కుదురుగా కూర్చోబెట్టడం బ్రహ్మతరం కాదు. అందులోనూ ఇప్పుడు ఎనిమిదో నెల. "కాళ్ళు తిమ్మిరెక్కాయే, త్వరగా కానివ్వు," అని గొణుగుతూనే ఉంది. కిటికీ బయట మబ్బు పట్టింది. గదంతా తడి రంగు వాసన.

నా పద్ధతి నాది. బొమ్మల్లో నీడలు వేయను. ముఖమంతా ఒకటే రంగు, చేతులంతా ఒకటే రంగు. బట్టల మీది పూలు మాత్రం ఒక్కటీ వదలను. కింద మడత ఉన్నా, ఎత్తు ఉన్నా నా పువ్వు వంగదు. గోడకి కాగితం అంటించినట్టు తిన్నగా ఉంటుంది.

"నా పొట్ట ఏదే?" అక్క మెడ సాచి చూసింది.

"నీడ వేస్తేనే కదా ఎత్తు తెలిసేది. నా బొమ్మల్లో పొట్టలుండవు. ఊరికే సన్నబడ్డావు, సంతోషించు."

నవ్వింది. నేనూ నవ్వాను.

బొమ్మలో ఎర్ర గౌను మీద ఆఖరి పువ్వు సరిగ్గా కడుపు దగ్గర పడింది. అది పూర్తి చేసి, సరిచూసుకుందామని తలెత్తాను.

అక్క ఒంటి మీది పూలు... వంగలేదు. గుండెల మీంచి ఒడిలోకి తిన్నగా దిగాయి. మధ్యలో ఎత్తు లేదు.

"అక్కా... కడుపు..."

"ఏం కడుపు?"

"బిడ్డ... ఎనిమిదో నెల కదా నీకు."

"నాకా?" లేచొచ్చి నా నుదురు తాకి చూసింది. "రంగుల వాసన తలకెక్కిందే నీకు."

బావకి ఫోన్ చేశాను. ఆయనా నవ్వేశాడు. "మీ అక్కకా? నాకు చెప్పకుండానే?"

పోగొట్టింది నేనే, తేవాల్సిందీ నేనే. ముదురు ఎరుపు కలిపి బొమ్మలో పొట్ట కింద నీడ గీశాను. గీసిన గీత గీసినట్టే పక్క రంగులో కలిసిపోయింది. మళ్ళీ గీశాను. మళ్ళీ... ఎన్ని గీసినా అంతే. ఏం చేయాలో తెలీక ఏడ్చేశాను.

"ఛ, బొమ్మ కోసం ఏడుస్తారా ఎవరైనా?" అక్క రంగు గీకే కత్తి అందుకుంది. "నచ్చకపోతే గీకేద్దాం. మళ్ళీ వేద్దువులే."

"వద్దక్కా..." కడుపు వేసిన చోట అరచెయ్యి అడ్డం పెట్టాను.

కాన్వాస్ వెచ్చగా ఉంది.

లోపల్నుంచి తన్నింది.

నా వెనక అక్క "అబ్బా" అని పొట్ట పట్టుకుంది. "ఏంటే ఇది... లోపలేదో కదిలినట్టుంది."

అంటూనే, కత్తి ఉన్న చేత్తో నా చేతిని పక్కకి తోస్తోంది.