అద్దె ప్రాడోలో వచ్చిన ప్రోబాక్స్ మనిషి

న్యావిర పరిచయమయ్యే నాటికి ముచిరి చేతిలో ఉన్న సరుకు ఇంతే: నైరోబీలో కిరిన్యాగా రోడ్డు మీద తలుపంత వెడల్పున్న పాత కారు విడిభాగాల కొట్టు, సరుకులు మోసే ఒక తెల్ల ప్రోబాక్స్ కారు, కెమెరా అద్దం చిట్లిన ఫోను. వీటికి తోడు అభిప్రాయాలు. అభిప్రాయాలకు గోదాము అద్దె ఉండదు, ఎలుకలు కొట్టవు, ఎన్ని పంచినా తరగవు. అందుకే ఆన్‌లైన్‌లో ధారాళంగా పంచేవాడు. చదవడానికి వచ్చినవాళ్ళలో కొందరు సైడు అద్దమో హెడ్‌లైటో కూడా కొనుక్కుపోయేవాళ్ళు కాబట్టి అది దానధర్మమేమీ కాదు.

ఒకరోజు ఇలా రాశాడు: "వెనక బంగాళాదుంప బస్తాలు, ముందు అత్తగారు, పైన సోఫా. అయినా తాళం తిప్పగానే కదిలేది ప్రోబాక్స్. ఇంత ఓర్పు మన మంత్రుల్లో ఎవరికైనా ఉందా?"

దాని కింద ఒకమ్మాయి జవాబు పెట్టింది. "కారు సంగతి తర్వాత. మీ ఫొటోలన్నిటిలో ఎడమ మూల పొగమంచు పట్టినట్టుంది. కెమెరా అద్దం పోయింది. లూతులీ అవెన్యూకి రండి, మారుస్తాను. అభిప్రాయాలు మాత్రం నేను రిపేరు చేయను."

ఆ జవాబుకి అతని పోస్టుకన్నా ఎక్కువ లైకులు వచ్చాయి. ముచిరికి ఒళ్ళు మండింది. మర్నాడే వెళ్ళాడు.

ఒకే దుకాణాన్ని పది ముక్కలు చేసి ఫోన్లవాళ్ళు పంచుకున్న చోటు అది. ఒక మూల బల్ల దగ్గర న్యావిర భూతద్దంలో కన్ను పెట్టి కూర్చుంది.

"నన్ను నలుగురిలో తక్కువ చేసింది మీరేనా?"

ఆమె తల ఎత్తలేదు. "నలుగురేంటి సార్, ఆన్‌లైన్‌లో మీ వెనక చాలామందే ఉన్నారు. అందరూ ప్రోబాక్స్ డ్రైవర్లే."

"వాళ్ళంటే చులకనా?"

"అయ్యో, గౌరవం. డిక్కీలో కూడా మనుషుల్ని కుక్కి, 'ఇంకొకరికి చోటుంది రండి' అంటారు చూడండి, ఆ ఆశ నాకు దేవుడు ఇవ్వలేదు."

"మరి మీరేం కారు నడుపుతారు?"

"మటాటూ బస్సెక్కుతాను. బొమ్మలు బాగుంటేనే ఎక్కుతాను, పాట బాగోకపోతే దిగిపోతాను."

"బొమ్మలేసిన బస్సులో టికెట్టు ఎక్కువ కదా!"

"మొహం మాడ్చుకుని ఇంటికెళ్ళడం కంటే చవకే." చెయ్యి చాపింది. "ఫోనివ్వండి."

విప్పి చూసింది. అద్దం మార్చింది. బ్యాటరీ కూడా మార్చమని ముచిరే అడిగాడు.

"దానికేం రోగం? ఇంకో ఏడాది నడుస్తుంది. ఊరికే డబ్బులెందుకు పారేసుకుంటారు?"

చేతికొచ్చిన బేరాన్ని వెనక్కి పంపేవాళ్ళను ముచిరి ఆ వీధిలో అంతకుముందు చూడలేదు. ఎంత పనిమంతురాలు, ఎంత నిక్కచ్చి మనిషి అనుకుంటూ కొట్టుకు తిరిగొచ్చాడు. ఆ సాయంత్రం ఒక హెడ్‌లైటును సగం ధరకు అమ్మేశాక గాని తనకేదో అయిందని అతనికి తెలియలేదు.

ఆ తర్వాత ఆన్‌లైన్‌లో ఇద్దరికీ రోజూ తగువే. కొత్త పార్కింగు యాప్ దండగని అతనంటే, "వాడే చేతిలో ఉంది లోపం" అని ఆమె. సుబారు కార్లవాళ్ళకు చెవులుండవని ఆమె అంటే, "చెవులున్నాయి, ఆ సైలెన్సరు ముందు పనిచేయవు" అని అతను. అన్నిటికీ వాదించిన న్యావిర ఒకే ఒక్క పోస్టుకి మాత్రం ఏమీ అనకుండా లైకు కొట్టింది.

"పక్కవాళ్ళు కట్టిన వంతెనకి రిబ్బను కత్తిరించే ఎంపీ, అద్దెకు తెచ్చిన ఖరీదైన ప్రాడో కార్లలో పిల్లనడగడానికి వెళ్ళే పెళ్ళికొడుకు, ఇద్దరూ ఒక్కటే. నేను వెళ్ళిననాడు నా ప్రోబాక్స్‌లోనే వెళ్తాను." ఇదీ ఆ పోస్టు.

ఏప్రిల్ వానల్లో ఒక సాయంత్రం లూతులీ అవెన్యూ కాలువైపోయింది. వాన చూసి మటాటూలు రేటు పెంచేశాయి. ముచిరి బల్ల దగ్గరికి వచ్చి కారు తాళాలు ఊపాడు.

"దించుతాను పద."

"ముందే చెప్తున్నా, దీన్ని నేను పొగడను," అంటూ ఎక్కింది. కొంతదూరం పోయాక తనే అంది, "నీ పోస్టుకి లైకు కొట్టానని గాల్లో తేలకు."

"అది ఒట్టి మాట కాదు. రానా?"

"ఎక్కడికి?"

"ముకురువేనికి. మీ నాన్న దగ్గరికి."

వైపర్లు అటూ ఇటూ ఊగాయి. న్యావిర అద్దం మీద జారుతున్న చినుకుల్నే చూస్తూ అడిగింది, "దీంట్లోనేనా?"

"దీంట్లోనే."

"అయితే రా."

మాట ఇవ్వడం తేలిక. ముచిరి పెదనాన్న గచంజాను ఒప్పించడం తేలిక కాదు. పెళ్ళికొడుకు తరఫున మాట్లాడే పెద్ద ఆయనే.

"ప్రోబాక్స్‌లోనా? ఏరా, పిల్లనడగడానికి వెళ్తున్నామా, క్యాబేజీలు దించడానికి వెళ్తున్నామా?"

"నేను మాటిచ్చాను, పెదనాన్నా."

"ఫోనులో ఇచ్చిన మాట ఫోనులోనే ఉంటుంది. ఆ పిల్ల అక్కలిద్దరికీ ప్రాడోలే వచ్చాయట. నువ్వు తక్కువలో వెళ్తే వాళ్ళ నాన్న గేటు తీస్తాడా?"

ముచిరి లెక్క వేసుకున్నాడు. మాట తప్పితే పోయేది కొంచెం పరువు. గేటు తెరుచుకోకపోతే పోయేది న్యావిర. ప్రాడోలు మాట్లాడేశాడు. ఆమెకు చెప్పలేదు. ప్రోబాక్స్‌లో కన్యాశుల్కం మేకల్ని ఎక్కించి, స్నేహితుడికిచ్చి వెనక రమ్మన్నాడు.

దారిలో పెట్రోలు బంకు దగ్గర ఎవరో గుర్తుపట్టారు. ప్రాడో దిగుతున్న ముచిరి ఫొటో, పక్కనే అతని పాత పోస్టు కలిపి ఆన్‌లైన్‌లో పెట్టారు. ముకురువేని చేరేలోపు దేశమంతా నవ్వింది. న్యావిర నుంచి ఒకే మాట వచ్చింది: "చూశాను."

గేటు దగ్గర ఆడవాళ్ళు పాటలతో కాసేపు ఆపి, ఆటపట్టించి, లోపలికి వదిలారు. తర్వాత అసలు పరీక్ష. తల నుంచి కాళ్ళ దాకా రంగుల గుడ్డలు కప్పుకున్న ఆడవాళ్ళను వరసగా నిలబెడతారు. అందులో తన పిల్లను గుర్తుపట్టాలి. తప్పు మనిషిని పట్టుకుంటే ఒక మేక జరిమానా. అసలు పిల్లే లేని వరసను కూడా తెస్తారు. ముసుగులో పిల్ల నోరు విప్పితే మాత్రం మేక ఆ పక్షం ఇచ్చుకోవాలి.

ముచిరి మొదటి వరస ముందు నిలబడి గట్టిగా అన్నాడు, "తడిసిన ఫోనును బియ్యంలో పెడితే బాగైపోతుందట!"

ఎవరూ కదలలేదు. ఫోను గురించి అబద్ధం విని ఊరుకోవడం న్యావిర వల్ల కాదు. "ఈ వరసలో లేదు," అన్నాడు.

రెండో వరసకీ అదే మాట చెప్పాడు. అక్కడా ఉలుకూ పలుకూ లేదు.

"ఇందులోనూ లేదు."

న్యావిర మేనత్త మూడో వరసను తెచ్చింది. "ఇంక నా దగ్గర వరసల్లేవు, అల్లుడూ. చూసుకో."

బియ్యం మాటకు ఈసారి కూడా జవాబు లేదు. ఉండి కూడా పలకడం లేదంటే అర్థం ఒకటే, కోపం. కావాలంటే ఆమె అలాగే ఉండిపోవచ్చు, ఇంటికి పొమ్మన్నట్టే.

"సరే," అన్నాడు నెమ్మదిగా. "ప్రోబాక్స్‌లో వస్తానన్నాను. రాలేదు. మీ నాన్న గేటు తీయడేమోనని భయపడ్డాను. నీకు చెబితే వద్దంటావని దాచాను. నా పోస్టులో ఉన్న ఆ ఎంపీని నేనే."

ముసుగుల్లోంచి ఒక గొంతు వచ్చింది.

"ప్రోబాక్స్ ఎక్కడ?"

"వెనక వస్తోంది. మేకలతో."

"అంటే మేకలు సొంత కారులో, నువ్వు అద్దె కారులో!"

అందరూ ఘొల్లుమన్నారు. గచంజా లేచి కర్ర ఊపాడు. "మాట్లాడింది! ముసుగులో మాట్లాడింది! తీయండి మేకను!"

"మాట్లాడలేదు, దగ్గింది," అంది మేనత్త.

"దగ్గులో మేకలూ అద్దె కార్లూ ఉంటాయా తల్లీ?"

ఆ గొడవలో ముచిరి వెళ్ళి గుడ్డ తొలగించాడు. న్యావిర కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదాలు మాత్రం నవ్వు ఆపుకుంటున్నాయి. "ఇంకెప్పుడూ నాకు చెప్పకుండా లెక్కలు వేయకు," అంది.

అప్పటికి మేకల బండి వాకిట్లోకి వచ్చింది. న్యావిర నాన్న ముగో ప్రాడోల వైపు చూడనైనా చూడకుండా దాని చుట్టూ తిరిగాడు. డిక్కీ తెరిచి చేత్తో కొలిచాడు.

"కాఫీ బస్తాలు ఎన్ని పడతాయి, బాబూ?"

"ఎన్ని వేస్తే అన్ని, మామయ్యా."

"అలాగే రాశావు. నీ రాతలన్నీ చదువుతాను. ఈ వాకిట్లోకి ప్రాడోలు చాలా వచ్చాయి, టీ తాగి వెళ్ళాయి. సొంత బండిలో వస్తానన్నవాడివి నువ్వొక్కడివే కదా అని రమ్మన్నాను." తాళాలకోసం చెయ్యి చాపాడు. "గేటు ఎప్పుడో తీసే ఉంచానయ్యా."

సాయంత్రం ముచిరి లెక్క తేల్చుకున్నాడు. ప్రాడోల అద్దె మొత్తం నష్టం. దగ్గుకు ఒక మేక లాభం. ప్రోబాక్స్ కాఫీ తోటల్లోకి వెళ్ళింది, మామగారు దిగితేగా తిరిగొచ్చేది. పక్కన కూర్చున్న న్యావిర అతని ఫోను లాక్కుని, పెట్టబోతున్న పోస్టు చదివింది.

"ఇందులో సగం గొప్పలే. తీసెయ్."

ముచిరి సగం తీసేసి మిగతాది పెట్టాడు. ఎప్పుడూ వచ్చేవాటికి రెట్టింపు లైకులు వచ్చాయి. వ్యాపారంలోకి దిగాక, సరుకు సగానికి తగ్గినా రాబడి రెట్టింపైన రోజు అతనికి అదే మొదటిది.