ఆర్యన్‌కి బంతి ఇవ్వొద్దు

మెల్‌బోర్న్ గ్రిడైరన్ (అమెరికన్ ఫుట్‌బాల్) టీమ్ రేడియో టెక్నీషియన్ శవం యారా నదిలో తేలింది.

"మెడ విరిచి తోశారు," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ జనార్దనరావు. ఏజెంట్ ఆదర్శ్‌ని కూర్చోమని కూడా అనలేదు. "విదేశీ బెట్టింగ్ ముఠా పని. ఇవాళ ఫైనల్లో మెల్‌బోర్న్ ఓడిపోవాలి. వాడి ప్లేస్‌లో నువ్వెళ్తున్నావు."

"లోపల మనవాళ్లెవరు సర్?"

"స్పందన. టీమ్ డేటా అనలిస్ట్, మన ఇన్‌ఫార్మర్. ఈసారి చెడగొడితే నాకు మొహం చూపించకు."

మ్యాచ్ సగం ముగిసేసరికి ఆదర్శ్ టెక్నీషియన్ వేషంలో, చెవిలో రేడియో స్కానర్‌తో, సైడ్‌లైన్ పక్కనే ఉన్న అనలిస్ట్ గదిలోకి వెళ్లాడు. నల్ల సిల్క్ బ్లేజర్‌లో స్పందన మెరిసిపోతోంది.

"మధ్యాహ్నం వాన పడుతుందా?" అన్నాడు కోడ్ ప్రకారం.

"గొడుగు తేలేదు," అందామె, తల తిప్పకుండా.

మెల్‌బోర్న్‌కి లీడ్ తెచ్చింది రన్నింగ్ బ్యాక్ ఆర్యన్. పెర్త్‌లోని పియారా వాటర్స్‌లో పుట్టిన తెలుగింటి కుర్రాడు. బంతి పొట్టకి అదుముకుని ఎదుటివాళ్లను గుద్దుకుంటూ దూసుకుపోతాడు. రెండో సగంలో మాత్రం అతని చేతికి బంతి దాదాపు రాలేదు. లీడ్ రెండు పాయింట్లకి కరిగిపోయింది.

"ఆర్యన్‌ని ఎందుకు పక్కన పెట్టారు?"

"గెలుస్తున్న టీమ్ టైమ్ గడపడానికి బంతి విసరకుండా పట్టుకుని రన్ చేస్తుంది. రన్ చేసినందుకు గెలవదు. స్టాట్స్ చూపిస్తే కోచ్ నమ్మాడు. నీకు అర్థం కాదులే."

మాట నిజమే. కానీ ఇప్పుడు గడపాల్సింది టైమే. ఆఖరి నిమిషం, బంతి మెల్‌బోర్న్‌దే. ఆర్యన్ దాన్ని పట్టుకుని గ్రౌండ్‌లోనే పడితే గడియారం ఆగదు, మ్యాచ్ అయిపోతుంది. విసిరిన బంతి నేల తాకితే గడియారం ఆగుతుంది. ఎదుటివాడి చేతిలో పడితే అంతా పోయినట్టే.

కోచ్ మైక్‌లో, "రన్," అన్నాడు.

ఆ మాట హెల్మెట్ రేడియోలో విని ఆట నడపాల్సిన క్వార్టర్‌బ్యాక్ మాత్రం బంతి విసిరాడు. అది నేల తాకింది.

ఆదర్శ్ స్కానర్‌లో అదే కోచ్ గొంతు ఇంకోసారి పలికింది. "మళ్లీ విసురు." ఏఐ చేసిన నకిలీ గొంతు. వస్తున్నది స్పందన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి.

అతను బ్యాగ్ లాక్కునేలోపే ఆమె పెన్ను మొనలోని సూది అతని మెడకి ఆనింది.

"టెక్నీషియన్ కూడా ఇలాగే తొందరపడ్డాడు."

ఆదర్శ్ ఆమె మణికట్టు మెలిపెట్టాడు. సూది మెడ మీద గీరుకుంటూ వెళ్లి కుర్చీలో దిగింది. ఆమె చేతిని కేబుల్‌తో కుర్చీకి బిగించి, ట్రాన్స్‌మిటర్‌ని బూటుతో తొక్కాడు.

"లేటయ్యావు," అని నవ్విందామె. "ప్రతిసారీ బంతి కదిలే ముందు హెల్మెట్ రేడియో కట్ అవుతుంది. క్వార్టర్‌బ్యాక్‌కి విసరమనే వినపడింది."

అతను సైడ్‌లైన్ మీదికి దూకాడు. ఇంగ్లీషులో అరిస్తే ఎదుటి టీమ్‌ కూడా వింటుంది. కుర్రాడికి తెలుగు అర్థమవుతుందో లేదో తెలీదు.

"ఆర్యన్, విసరనివ్వకు. బంతి నువ్వే తీసుకో."

హెల్మెట్ ఇటు తిరిగింది. ఆర్యన్ క్వార్టర్‌బ్యాక్ చెవిలో ఏదో అన్నాడు. బంతి కదిలింది. ఆర్యన్ దాన్ని లాక్కుని గోడలా నిలబడ్డ ముగ్గురిని ఢీకొట్టి, వాళ్ల కిందే పడిపోయాడు. గడియారం సున్నాకి చేరింది.

ఫోన్ మోగింది.

"స్పందన మీద నాకు ముందే అనుమానం ఉంది," అన్నాడు జనార్దనరావు.

"చెప్పాల్సింది సర్."

"చెబితే నువ్వు జాగ్రత్తపడేవాడివి. అది బయటపడేది కాదు."

ఆదర్శ్ మెడ మీది నెత్తురు తుడుచుకుని లైన్ కట్ చేశాడు. ఆర్యన్ ఒగరుస్తూ వచ్చాడు.

"మై మమ్ యెల్స్ ఇన్ తెలుగు టూ, అంకుల్. యూజువల్లీ ఐ ఇగ్నోర్ హర్."